మడవ మారని బండి

చిరంజీవులు చింటూకి, బుజ్జికి తాతయ్య దీవెనలు.

ఇక్కడ టెక్సాస్‌లో మేమంతా కులాసా. ఎండలు మాత్రం మన కందుకూరుని మరిపిస్తున్నాయి. మొన్న సెలవులకి వచ్చినప్పుడు బాబాయి పాత పికప్ ట్రక్కులో తెగ ఊరేగారు కదా! కదిలీ కదలగానే ఇంజను గొంతు చించుకుని అరవడం, ఎంతసేపటికో దబ్బున ఒక కుదుపు. "తాతయ్యా, దీనికి కోపమొచ్చిందా?" అని బుజ్జి అడిగింది. నాకూ తెలియక అప్పుడు నవ్వి ఊరుకున్నాను. ఇప్పుడు తెలిసింది కాబట్టి రాస్తున్నాను. తెలుగు కూడబలుక్కోవడం కష్టమైతే అమ్మ చదివి వినిపిస్తుందిలే.

ఆ బండి 1979 నాటిది, మీ నాన్న కంటే పెద్దది. ముందుకి గేర్లు మూడే. డ్రైవరు మార్చక్కర్లేదు, అదే మార్చుకుంటుంది. అలాగని లోపల కంప్యూటరేమీ లేదు. పళ్ల చక్రాలు సరే, వాటిమీద పెత్తనం చేసేది నూనె. ఎర్రగా, దానిమ్మ రసంలా ఉంటుంది.

అది ఎలాగో చెప్పాలంటే మా వేరుశనగ చేలోకి రావాలి. బావి మీద డీజిల్ ఇంజను నీళ్లు తోడేది. నీళ్లు కాలవలో వచ్చేవి, పక్కనంతా మళ్లు. నాన్న పార పట్టుకుని నిలబడి ఒక మడికి మడవ తెరిచేవాడు. అది నిండగానే రెండు పారల మట్టితో దాన్ని మూసి పక్క మడవ తెరిచేవాడు. గేరుబాక్సులోనూ అంతే. ఒక లోహపు పలకలో పాము మెలికల్లాంటి సన్నటి కాలవలు, వాటికి మడవలు. నూనె ఒక దారిలో పోతే మొదటి గేరు, మడవ మారితే రెండోది.

మరి మడవ ఎప్పుడు మార్చాలో నాన్నకెలా తెలుస్తుంది? కాలవ గట్టున అక్క, మడి చివర నేను. నీళ్ల వేగం చూసి అక్క కేకేసేది, మడి నిండితే "నిండిందీ!" అని నేను అరవాలి. బండిలోనూ ఇలా ఇద్దరున్నారు. చక్రాల వేగం చెప్పేవాడొకడు, ఇంజను ఎంత కష్టపడుతోందో చెప్పేవాడొకడు. మన కథంతా ఈ రెండోవాడిదే. వాడి పేరు వాక్యూమ్ మాడ్యులేటరు. పేరు పెద్దది గానీ మనిషి చిన్న టీ గ్లాసంతే ఉంటాడు.

మీరొక పని చెయ్యండి. స్ట్రా చివర వేలితో మూసి గట్టిగా పీల్చండి. నాలుక లాగేసినట్టుంటుంది కదా? వేలు తీస్తే ఆ లాగుడు పోతుంది. యాక్సిలరేటరు కొంచెమే తొక్కితే ఇంజను సగం మూసిన నోటితో గాలి పీలుస్తుంది, లాగుడు ఎక్కువ. గట్టిగా తొక్కితే నోరు తెరుస్తుంది, లాగుడు తక్కువ. ఒక సన్నటి రబ్బరు గొట్టం ఆ లాగుడుని మన టీ గ్లాసువాడికి చేరుస్తుంది. లాగుడు బాగుంటే "పని తేలికే, గేరు మార్చెయ్" అంటాడు. లాగుడు లేకపోతే "బరువు మోస్తున్నాం, ఆగు" అంటాడు.

ఇక మన బండి సంగతి. 30 మైళ్ల వేగం దాటినా రెండో గేరు పడట్లేదు. బాబాయి షాపుకి తీసుకెళితే అక్కడి మెకానిక్కు ఒక్క చుట్టు తిప్పి చూసి, గేరుబాక్సు మొత్తం దించాలి, రెండు వేల డాలర్ల పైమాటే అన్నాడు. చూడకుండా విప్పేవాళ్లంటే నాకు మొదటినుంచీ పడదు. ఇంటికి పోదాం పద అన్నాను.

బండి సమంగా ఉన్నచోట నిలిపి, వేడెక్కాక, ఇంజను ఆపకుండా, గేరు పుల్ల పార్కు (P) మీద ఉంచి, నూనె మట్టం చూసే డిప్‌స్టిక్కు తీశాం. తెల్లగుడ్డకి తుడిచి చూస్తే నూనె ఎర్రగానే ఉంది, మాడు వాసన లేదు. అది మంచి కబురు. నల్లబడి మాడు కంపు కొడితే లోపల క్లచ్చిలు కాలినట్టు. కానీ మట్టం తగ్గింది. ఎక్కడికి పోయింది? రాత్రి బండి కింద అట్టపెట్టె విప్పి పరిచాం. పొద్దున చూస్తే ఒక్క చుక్కా లేదు! అప్పుడు మీ నానమ్మ, గుమ్మంలో నిలబడే, "ఆ తెల్లపొగ ఏంట్రా, దోమలమందు కొట్టినట్టు?" అంది.

బాబాయి కిందకి దూరి ఆ సన్నగొట్టం ఊడదీశాడు. గాలి తప్ప ఇంకేమీ ఉండకూడని గొట్టంలోంచి ఎర్ర నూనె వాడి మోచేతి దాకా కారింది. టీ గ్లాసువాడి లోపల పల్చటి రబ్బరు పొర ఒకటుంటుంది. అది చిరిగింది. ఇంజనేమో ఆ చిరుగులోంచి ఈ ఎర్ర నూనె తాగి పొగ వదులుతోంది. పాపం గేరుబాక్సేమో కబురు సరిగా అందక, బండి కొండెక్కుతోందనుకుని మొదటి గేరే పట్టుకు కూర్చుంది.

నేనూ ఒకసారి ఇలాగే చిరిగాను. ఏడో తరగతిలో అనుకుంటా, మడి చివర కూర్చోకుండా సీమచింత చెట్టెక్కాను. నాన్న కేక కోసం చూస్తూనే ఉన్నాడు. నీళ్లు గట్టు తెంచుకుని పక్కవాళ్ల మినప చేలోకి పోయాయి. ఆ సాయంత్రం తిన్న తిట్లు ఇప్పటికీ వరసగా చెప్పగలను. తప్పు నాన్నదీ కాదు, నీళ్లదీ కాదు. కేకెయ్యాల్సినవాడు చెట్టుమీదున్నాడు.

కొత్త మాడ్యులేటరు 30 డాలర్ల లోపే. ఒక్క బోల్టు విప్పి మార్చాం. తగ్గిన నూనె పోశాం. ఇప్పుడు నెమ్మదిగా పోతే 15 మైళ్లకే గేరు మారుతోంది, మారినట్టే తెలియట్లేదు.

నా పోలిక అంతటా అతకదులెండి. నీళ్లు పల్లానికి పారతాయి, నూనెని పంపు తోస్తుంది. ఆ కాలవలన్నీ బొమ్మ గీసి చెప్పమంటే నావల్ల కాదు. 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కార్లలోనే, హైడ్రా-మాటిక్ అనే పేరుతో, ఇలా నూనెతో గేర్లు మార్పించారంటే నాకిప్పటికీ వింతే. కరెంటు తీగ ఊసు లేకుండా ఒక ద్రవం ఇంత ఆలోచిస్తుందా అనిపిస్తుంది.

మీ అమ్మ కారు ఎలక్ట్రిక్కు, దాంట్లో ఈ సందడి వినపడదు. రేపు స్కూలు బస్సులో ముందు సీట్లో కూర్చోండి. ఆగిన చోటునుంచి కదిలాక కబుర్లు ఆపి, ఇంజను గొంతు పెరిగి పెరిగి ఎన్నిసార్లు టక్కున తగ్గుతుందో వేళ్లమీద లెక్కపెట్టండి. చింటూ లెక్కా, బుజ్జి లెక్కా విడివిడిగా రాసుకుని ఆదివారం ఫోన్‌లో చెప్పండి.

మీ తాతయ్య