బకెట్టులో దొంగ శుభలేఖ

చిరంజీవులైన మనవరాలికీ మనవడికీ తాతయ్య ఆశీర్వదించి వ్రాసే ఉత్తరం. ఇక్కడ నేనూ నానమ్మా క్షేమం. తొలకరి పడింది, కాలవలకు నీళ్ళు వదిలారు, గట్టు మీది ఈతచెట్ల కింద చివరి పళ్ళు రాలి చీమలు పట్టాయి.

అమ్మడూ, మీ నాన్నతో కలిసి మీ సౌదీలోని అల్ అహ్సాలో ఖర్జూరపు తోట చూడబోయినప్పుడు చెట్ల నీడన నేలలో సగం పాతిన బకెట్టు కనబడిందనీ, లోపల మురిగిన నీళ్ళలో ఎర్రటి పురుగులు తేలుతున్నాయనీ, తోటమాలి వాటిని చూపించి ఇవి మీ హిందుస్థానం నుంచి వచ్చినవేనని నవ్వాడనీ వ్రాశావు. ఆ పురుగు నిజంగా మనదేనా, చచ్చిపోయే చోటికి అది కోరి ఎందుకు వస్తుంది అని అడిగావు. మందు కొట్టేస్తే పోయేదానికి ఈ బకెట్లెందుకని నీ తమ్ముడు కింద ఇంకో వాక్యం గీకాడు. ముగ్గురం కలిసి కూర్చుని మాట్లాడుకున్నట్టు జవాబు వ్రాస్తాను, ఓపికగా చదవండి.

అది మనదే. ఒప్పుకోవడానికి కొంచెం సిగ్గుగానే ఉంది. మన కొబ్బరి తోటల్లో దాన్ని ఎర్రముక్కు పురుగు అంటాం. దాని పుట్టిల్లు మన దేశమూ, మనకు తూర్పున ఉన్న దేశాలూ. కొబ్బరికి చేటు చేసే పురుగుగా 1906 నాటికే ఇక్కడ పుస్తకాలకెక్కింది. 1985లో యు.ఏ.ఈ.లోనూ, 1987లో మీరుండే తూర్పు ప్రాంతంలోని ఖతీఫ్‌లోనూ బయటపడి, ఆ తరువాత ఈజిప్టుకూ స్పెయినుకూ పాకింది. అది రెక్కలతో సముద్రం దాటలేదమ్మా. నాటుకోవడానికి మనుషులు ఒక దేశం నుంచి మరొక దేశానికి పిలకలనూ చెట్లనూ ఓడలెక్కించినప్పుడు వాటి మొదళ్ళలో దాగి ప్రయాణం చేసింది. మన గట్టు మీది ఈతచెట్టు మీ ఖర్జూరానికి పినతల్లి బిడ్డ వంటిది కాబట్టి, ఇక్కడ కొబ్బరినీ ఈతనూ తిని పెరిగిన పురుగుకు అక్కడి రుచి కొత్తేమీ కాదు. మీ ఒయాసిస్సులో ఉన్న చెట్లు ఇరవై అయిదు లక్షలట. అంత పెద్ద విస్తరి దానికి ఇంకెక్కడ దొరుకుతుంది?

మందు సంగతి. ఆ పురుగు చెట్టు పైన తిరిగేదయితే తమ్ముడు చెప్పినట్టే చేయవచ్చు. ఆడపురుగు చెట్టుకు గాయమైన చోటు వెదుక్కుని, పొడవాటి ముక్కుతో మెత్తటి భాగంలో రంధ్రం చేసి గుడ్డు పెడుతుంది. తన జీవితకాలంలో అలా రెండు మూడు వందల గుడ్లు పెట్టగలదు. గుడ్డులోంచి వచ్చే పిల్లకు కాళ్ళుండవు. మీగడ రంగు ఒళ్ళు, గోధుమరంగు గట్టి తల, ఆ తలకు రెండు దవడలు, అంతే దాని ఆస్తి. మానును నమిలి సొరంగాలు చేసుకుంటూ పోయి, తినడం పూర్తయ్యాక ఆ పీచునే తీసి, మన వాళ్ళు తాడు పేనినంత నేర్పుగా తన చుట్టూ చుట్టుకుని, ఆ గూట్లో నిద్రపోయి, రెక్కలతో లేస్తుంది. ఇదంతా మాను లోపలే జరుగుతుంటే పైన కొట్టిన మందు దానికి ఎలా అందుతుంది? అందని మందు వానకు కాలవలోకి దిగుతుంది; ఆ కాలవ నీళ్ళే కదా చెరువులు నింపేది, మనం తాగేది. మానులోకే మందు ఎక్కించే పద్ధతీ ఉంది, ఎక్కించాక కొన్నాళ్ళు ఆ చెట్టు కాయ తినకూడదని చెబుతారు. తినకూడని కాయ కోసం చెట్టును బతికించుకోవడం నాకెప్పుడూ మింగుడుపడలేదు.

దాని చప్పుడు నేను విన్నాను. నాకప్పుడు పదకొండేళ్ళు. కాలవ పక్కన లేత బొండాలు కాసే చెట్టొకటి ఉండేది. నా ఈడు వాళ్ళందరూ మోకు లేకుండానే ఎగబాకేవారు. నాకు చేతకాక, కత్తితో మానుకు నా ఎత్తు వరకు మెట్లలాగా గాట్లు పెట్టాను. ఎవరూ చూడలేదనుకున్నాను. ఆరు నెలలు తిరగకుండా ఆ గాట్ల దగ్గర బెల్లపు పాకంలాంటి జిగురు కారింది, నమిలిన పీచు బయటికి వచ్చింది. మా తాతగారు మానుకు చెవి ఆనించి చాలాసేపు నిలబడి, తరువాత నన్ను పిలిచి నా చెవీ ఆనించమన్నారు. పక్క గదిలో ఎవరో చెరకు నములుతున్నట్టు, ఆగి ఆగి, కరకరమని వినిపించింది. ఒక రాత్రి పెద్ద గాలి కూడా లేకుండానే మొవ్వు విరిగి పడిపోయింది. ఆయన నన్ను కొట్టలేదు. చెట్టును నరికించి, చీల్చించి, ముక్కలు మోసి కాల్చే పని మాత్రం మొత్తం నా చేతనే చేయించారు. చీల్చిన మానులో పిల్లలూ, గూళ్ళూ, పెద్ద పురుగులూ అన్నీ ఒకేసారి ఉన్నాయి, ఉమ్మడి కుటుంబంలాగా. ఒక్క ముక్క మిగిల్చినా అందులోంచి లేచి మిగతా చెట్ల మీదికి పోతాయని అప్పుడు తెలిసింది. ఇప్పుడు మీ సౌదీలోనే కింగ్ అబ్దుల్లా విశ్వవిద్యాలయం వారు సన్నని ఆప్టికల్ ఫైబరు తీగను ఖర్జూరపు మానుకు చుట్టి, ఆ నమిలే చప్పుడునే పట్టుకునే పద్ధతి కనిపెట్టారని చదివినప్పుడు మా తాతగారి చెవి గుర్తుకువచ్చింది.

నేను పెట్టిన గాట్లు ఆ పురుగులకు ఎవరు చెప్పారు? ఇక్కడే నీ బకెట్టు రహస్యం ఉంది. మన ఊళ్ళో పెళ్ళి జరుగుతోందనుకో. గాడిపొయ్యి మీద పులిహోర పోపు పడగానే ఆ వాసన వీధి చివరి దాకా పోతుంది. వాసన తగిలినవాడు ఆగుతాడు కాని, పిలవని పేరంటానికి లోపలికి రాడు. పెళ్ళిపెద్ద ఎదురుపడి, దయచేయండి అనగానే వస్తాడు. పురుగుల లోకమూ ఇంతే. గాయపడిన చెట్టు నుంచి పులిసిన రసం వాసన వస్తుంది, అది పోపు. ఆ వాసనకు ముందుగా చేరిన మగపురుగు తన ఒంటి నుంచి ఇంకొక వాసన వదులుతుంది, అది పిలుపు. ఆ పిలుపు అందుకుని ఆడవీ మగవీ అన్నీ వచ్చి చేరతాయి. ఈ పిలుపు ఏ పదార్థమో శాస్త్రజ్ఞులు 1993లో పట్టుకున్నారు, దానికి ఫెరూజినియోల్ అని పేరు పెట్టారు. దాన్ని ప్రయోగశాలలో తయారుచేసి చిన్న పొట్లంలో నింపి బకెట్టు మూతకు లోపల వేలాడదీస్తారు. అంటే దొంగ శుభలేఖ అన్నమాట. ఆ శుభలేఖను నమ్మి వచ్చినవాడికి వంట వాసన కూడా తగలాలి కదా, అందుకే నీళ్ళలో ఖర్జూరపు పళ్ళు వేసి పులియబెడతారు. బకెట్టు బయటి వైపు గోనెగుడ్డ చుట్టో, గరుకు చేసో ఉంచుతారు, అతిథికి పాకడానికి వీలుగా. లోపలి గోడ నున్నన. దిగినవాడు మళ్ళీ ఎక్కలేడు.

ఈ పెళ్ళి పోలికను నేను చాలా దూరం లాగుతున్నానని నాన్న నవ్వుతాడు, నవ్వనీ. ఇంకొంచెం లాగుతాను. మన వైపు మర్యాదలో ఒక కట్టుబాటు ఉంది: పిలిచినవాడు ఆకు వేసి తీరాలి. బకెట్టు పెట్టినవాడిదీ అదే బాధ్యత. మీ ఎండలకు నీళ్ళు ఇగిరిపోయి, పళ్ళు ఎండిపోతే, శుభలేఖ మాత్రం ఊరంతా పంచుతూనే ఉంటుంది. వచ్చిన పురుగులు పందిట్లో ఏమీ లేదని చూసి పక్కనున్న లేత చెట్ల మీదికి వెళతాయి. పెట్టి మరిచిపోయిన బకెట్టు కంటే అసలు పెట్టకపోవడం మేలు. వారానికో పది రోజులకో నీళ్ళూ పళ్ళూ మార్చాలి, పొట్లంలో వాసన అయిపోయిందేమో చూసుకోవాలి. ఆ తోటమాలి మూత ఎత్తి మీకు చూపించాడంటే శ్రద్ధగలవాడే అయివుంటాడు. గెలలకు వల సంచులు కట్టారని కూడా వ్రాశావు, అది పక్షుల నుంచీ కందిరీగల నుంచీ పళ్ళను కాచుకోవడానికి.

శుభలేఖ ఎంత మంచిదైనా, అసలు పోపు వాసన రాకుండా చూసుకోవడం ముఖ్యం. పచ్చి మట్ట కొట్టవలసి వస్తే మానుకు ఆనించి కాక నాలుగడుగుల మేర వదిలి కొట్టమని ఇక్కడ చెబుతారు. గాయమైతే మా తాతగారు తారు పూయించేవారు. మనం గాట్లు పెట్టకపోయినా పెట్టేవాడు ఇంకొకడున్నాడు, కొమ్ముపురుగు. అది మొవ్వులో దూరి లేత ఆకును కొరుకుతుంది. ఆ ఆకు విచ్చుకున్నాక కత్తెరతో మూలలు కత్తిరించిన కాగితంలా కనబడుతుంది. అది చేసిన గాయం వాసనకు ముక్కుపురుగు వస్తుంది. కొమ్ముపురుగు పిల్లలు పెరిగేది పెంటకుప్పలోనూ, కుళ్ళిన మొద్దుల్లోనూ. 1996 నవంబరు తుఫానుకు పడిన చెట్లను తీయించలేక చాలామంది అలాగే వదిలేశారు, ఆ మొద్దులు కుళ్ళిన కొద్దీ ఈ పురుగులకు పురుడు పోశాయి. మా పెంటకుప్పలో నేను మెటారైజియం అనే బూజు కలిపాను. నెలన్నర తరువాత పారతో తిరగేస్తే, బొటనవేలంత లావు పిల్లలు బిగుసుకుపోయి, ఒంటి నిండా ముదురు పచ్చటి పిండి అద్దుకుని ఉన్నాయి. నానమ్మ వాటిని చూసి, ఎవరో పసరు రాసినట్టుందే అంది. అది పురుగునే పడుతుంది, ఎరువును పాడుచేయదు.

మరొక సంగతి చెప్పకుండా ఉండలేను. పీటర్ ఫోర్స్‌కల్ అనే ప్రకృతి పరిశోధకుడు యెమెన్ వెళ్ళి, 1763లో అక్కడే జ్వరంతో చనిపోయాడు. 1775లో అచ్చయిన ఆయన వ్రాతల్లో ఒక ముచ్చట ఉంది: అక్కడి రైతులు ఏటేటా కొండల మీది నుంచి చీమలను గూళ్ళతో సహా దింపుకు వచ్చి ఖర్జూరపు చెట్ల మీద పెట్టుకునేవారట, చెట్టును చెరిచే ఇంకొక జాతి చీమలను ఇవి పట్టి తినేవట. మన మామిడిచెట్టు మీద ఆకులు కుట్టుకుని గూడు కట్టే ఎర్రచీమలను నేను కాల్చబోతే మా తాతగారు, అవి మనకు జీతం లేని కావలివాళ్ళురా అని ఆపారు. ఆయనకు యెమెన్ అనే దేశం ఉందని తెలియదు. ఒక చీమ మరొక చీమను ఆపుతుందని చూసి, ఆ చీమను కొండ మీద వెదికి తెచ్చిన మొదటి రైతు ఎన్నాళ్ళు ఆ చెట్టు కింద కూర్చున్నాడో ఎవరికి తెలుసు!

ఈసారి తోటకు వెళ్ళినప్పుడు ఒక పని చేయండి. తోటమాలిని అడిగి, చచ్చిన పురుగులను పుల్లతో బయటికి తీయించి, కాగితం మీద వరుసగా పెట్టండి. చేతితో ముట్టుకోవద్దు, ఆ నీళ్ళు చాలా కంపు. వేలికి రెండు కణుపుల పొడవున, తుప్పు రంగులో, వీపు మీద నల్లటి మచ్చలతో ఉంటాయి. ముక్కును దగ్గరగా చూడండి, తమ్ముడి దగ్గర భూతద్దం ఉంది కదా. కొన్నింటి ముక్కు మీద పొట్టి వెంట్రుకలు కుచ్చులా, కత్తిరించిన మీసంలా నిలబడి ఉంటాయి. అవి మగవి. ముక్కు నున్నగా, సన్నగా ఉన్నవి ఆడవి. పిలిచేది మగపురుగే అయినా వచ్చి పడేవాటిలో ఆడవే ఎక్కువని అంటారు. మీ బకెట్టులో మీసాలవి ఎన్ని, లేనివి ఎన్నో లెక్కపెట్టి, తేదీ వేసి నాకు వ్రాయండి.

మీ తాతయ్య