"మా కుందేలు ఎండుగడ్డి ముట్టదండీ": అపోహలు, వాస్తవాలు

విజయవాడలో పెంపుడు జంతువుల వైద్యం చేస్తున్నాను. కుక్కలు, పిల్లుల తర్వాత ఈమధ్య నా దగ్గరికి ఎక్కువగా వస్తున్నవి కుందేళ్లే. పిల్లలు సరదాపడ్డారని బుట్టలో పెట్టి తెచ్చుకుంటారు, ఆర్నెల్లు తిరిగేసరికి దాదాపు అందరిదీ ఒకటే మాట: "డాక్టర్ గారూ, ఆన్‌లైన్‌లో అంత డబ్బు పోసి తిమోతీ గడ్డి తెప్పించానండీ, వాసన చూసి మూతి తిప్పుకుంటోంది, దీని బదులు ఇంకేం పెట్టమంటారు?" అడిగేటప్పటికే వాళ్ల మనసులో ఒక జవాబు ఉంటుంది, క్యారెట్టో, పాలకూరో, కొట్లో అమ్మే రంగురంగుల గుళికల మేత, అదే పెల్లెట్లో. నేను అవునంటే చాలు. నేను అననని తెలిశాక కొంచెం చిన్నబుచ్చుకుంటారు కూడా. గడ్డి నచ్చకపోతే ఇంకో గడ్డి వెతకాలి, అంతకు మించి దారి లేదు. ఆ ఇంకో గడ్డి మన ఊళ్లోనే దొరుకుతుంది.

అపోహ: మాది మొండిది, నాలిక రుచి ఎక్కువ, అందుకే తినదు.

మొండివి లేకపోలేదు. కానీ ముందు నోరు చూపించండి. కుందేలుకి 28 పళ్లు, అన్నీ బతికున్నన్నాళ్లూ పెరుగుతూనే ఉంటాయి, ముందు పళ్లయితే వారానికి రెండు మూడు మిల్లీమీటర్లు. పొడుగాటి పీచుని గంటల తరబడి నమిలితేనే అవి అరుగుతాయి. అరగకపోతే దవడ పళ్ల అంచులు మొనదేలి నాలికకో బుగ్గకో గుచ్చుకుంటాయి. అలాంటి కుందేలు గడ్డి దగ్గరికి ఆశగా వస్తుంది, ఒక పోచ నోట్లో పెట్టుకుంటుంది, వదిలేస్తుంది. కొత్తిమీర మెత్తగా ఉంటుంది కాబట్టి తింటుంది. చూసేవాళ్లకి అది మారాంలా కనిపిస్తుంది.

కానూరు నుంచి ఒకావిడ రెండు నెలల్లో నాలుగు రకాల గడ్డి మార్చి, విసిగిపోయి తీసుకొచ్చారు. గడ్డం కింద బొచ్చు తడిగా ఉంది, పెంటికలు మిరియాలంత అయిపోయాయి. చెవిలో చూసే దీపం గొట్టంతోనే నోట్లోకి చూస్తే కింద దవడ పన్ను ముల్లులా నాలిక మీదికి వంగి ఉంది. మత్తిచ్చి అరగదీశాక, మూడో రోజు ఆవిడ మొదట కొన్న ఆ గడ్డే తిన్నది.

పళ్లు బాగున్నాయంటే తర్వాత అనుమానించాల్సింది పెల్లెట్లని. అన్నానికి ముందు బిస్కెట్ పాకెట్ ఖాళీ చేసిన పిల్లాడు కంచం ముందు కూర్చుంటాడా? ఇదీ అంతే. ఎదిగిన కుందేలుకి కిలో బరువుకి రోజుకి 20 నుంచి 25 గ్రాములు మించి పెల్లెట్లు అక్కర్లేదు. చాలామంది గిన్నె ఖాళీ అయినప్పుడల్లా నింపుతారు. పైగా గింజలు, రంగు ముక్కలు కలిపిన మిక్స్ అయితే తీపివి ఏరుకుని తిని మిగతావి వదిలేస్తుంది. "పెల్లెట్లలో గడ్డి పొడి ఉంటుంది కదండీ" అని కొందరు. ఉంటుంది, కానీ పిండి చేసిన పీచుతో పళ్లు అరగవు.

అపోహ: ఆకలేస్తే అదే తింటుంది, రెండ్రోజులు గడ్డి తప్ప ఏం పెట్టకండి.

ఈ సలహా ఎవరిచ్చినా వినకండి. కుందేలు పేగు ఎప్పుడూ కదులుతూనే ఉండాలి. పది, పన్నెండు గంటలు ఏమీ తినకుండా, పెంటికలు వేయకుండా ఉంటే పేగు ఆగిపోతోందని అర్థం, గ్యాస్ పట్టేస్తుంది, వాంతి చేసుకునే వీలు దాని శరీరంలోనే లేదు. లావుగా ఉన్నవాటికి పస్తుంటే కాలేయం కూడా దెబ్బతింటుంది. తెల్లారాక చూద్దాంలే అనుకున్న కేసులు ఎలా ముగుస్తాయో చెప్పి మిమ్మల్ని భయపెట్టడం ఇష్టం లేదు. పెల్లెట్లు తగ్గించాలంటే రెండు మూడు వారాలు పట్టించి కొంచెం కొంచెంగా తగ్గించండి, వారానికోసారి వంటింటి కాటా మీద కూర్చోబెట్టి బరువు రాసుకోండి.

అపోహ: ఆకుకూరలు దండిగా పెడితే గడ్డి అక్కర్లేదు.

ఆకుకూరలో తొంభై శాతం దాకా నీళ్లే. రైతు బజార్ నుంచి తెచ్చిన కొత్తిమీర, పుదీనా, ముల్లంగి ఆకు, కాలీఫ్లవర్ ఆకు రోజూ కాస్త పెట్టడం మంచిదే, కానీ అవి కూర లాంటివి, అన్నం స్థానంలో రావు. పాలకూర, తోటకూర, గోంగూరల్లో ఆక్సలేట్లు, అంటే మితిమీరితే హాని చేసే లవణాలు, ఎక్కువ. గుంటూరు వాళ్లతో గోంగూర వద్దంటే కోపమొస్తుంది, నేను చెప్పేది కుందేలు సంగతి. మునగాకులో కాల్షియం ఎక్కువ కాబట్టి ఎప్పుడైనా ఒక రెమ్మ, అంతే. క్యారెట్ దుంప తీపి తిండి, వేలి గోరంత ముక్క ఇవ్వండి చాలు.

అపోహ: గడ్డి గడ్డే కదా, వరిగడ్డి వేస్తే పోలా?

ఇది మన కృష్ణా, గుంటూరు అపోహ. ఏ ఊరికెళ్లినా వాములు కనిపిస్తుంటే అలా అనిపించడం సహజం. కొత్తలో నేనూ ఒకరిద్దరికి పర్లేదన్నాను, నెల తిరక్కుండా బరువు తగ్గి నా దగ్గరికే వచ్చాయి. వరిగడ్డి అంటే గింజ పండాక మిగిలిన కాడ. అందులో మాంసకృత్తులు మూడు నాలుగు శాతమే, సిలికా ఎక్కువ. కింద పరుపులా పరచండి, నాలుగు పోచలు కొరికినా నష్టం లేదు, భోజనంగా మాత్రం పెట్టకండి.

జొన్న చొప్ప గురించి అడుగుతారు. పండిన పైరుది, బాగా ఎండినది అయితే ఆకుల వరకు పెట్టొచ్చు. లేత జొన్న వద్దు, నాము, అంటే సైనైడ్ విషం, ఉంటుందని మీ ఊళ్లో రైతుని ఎవర్నడిగినా చెబుతాడు. వేరుశెనగ కట్టె, వరి కోశాక వేసే పిల్లిపెసర, ఇవన్నీ లూసర్న్ లాగే పప్పుజాతి మేతలు. మాంసకృత్తులు, కాల్షియం ఎక్కువ కాబట్టి ఆరు నెలల లోపు పిల్లలకీ, చూలు మీద ఉన్నవాటికీ, పాలిచ్చే తల్లులకీ బాగుంటాయి. ఎదిగినదానికి ఇదే రోజూ పెడితే మూత్రం సున్నం కలిపినట్టు తెల్లగా, చిక్కగా వస్తుంది, తర్వాత మూత్రాశయంలో గసిలా పేరుకుంటుంది. వేరుశెనగ కట్టెకి బూజు తొందరగా పడుతుంది, అది ఇంకో టెన్షన్.

ఇంకొకటి, సుబాబుల్. పేపరు మిల్లుల కోసం మన జిల్లాల్లో తోటలకి తోటలు వేశారు, "మేకలు తింటున్నాయి కదా సార్" అంటారు. దాని ఆకులో మైమోసిన్ అనే విషం ఉంటుంది, దాన్ని విరగ్గొట్టే సూక్ష్మజీవులు అలవాటు పడ్డ మేకల పొట్టలో ఉంటాయి. కుందేలుకి అయితే బొచ్చు రాలడం మొదలవుతుంది.

అపోహ: పచ్చిగడ్డి పెడితే విరేచనాలు పట్టుకుంటాయి.

ఉన్నట్టుండి బుట్టెడు వేస్తే పట్టుకుంటాయి. పది రోజులు పట్టించి పెంచుకుంటూ పోతే ఏం కాదు. అసలు కుందేలుకి సహజమైన తిండి పచ్చిగడ్డే. తిమోతీ చలిదేశాల గడ్డి, బెజవాడ ఎండకి ఇక్కడ పండదు, ఓడలెక్కి వస్తుంది కాబట్టే ఆ ధర. మనకి గరిక ఉంది. నేను చూసినంతలో, తిమోతీ ముట్టని కుందేళ్లలో చాలావరకు గరికకి లొంగుతాయి. గినీ గడ్డి దొరికితే అదీ మంచిదే. నేపియర్ గడ్డిలో ఆక్సలేట్లు ఉంటాయి కాబట్టి దాన్నొక్కదాన్నే పెట్టకుండా కలిపి పెట్టండి.

ఎక్కడ కోస్తున్నారన్నదే ముఖ్యం. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ గట్ల మీద పచ్చగానే ఉంటుంది, కానీ మురుగు, కుక్కల ఉచ్చ అన్నీ అక్కడే. మిర్చి, పత్తి చేల గట్ల మీదిది అసలే వద్దు, పురుగుమందు పడనిది ఉండదు. అపార్ట్‌మెంట్ లాన్ మెషిన్‌తో కోసిన గడ్డి పొడి గంటల్లో వేడెక్కి పులుస్తుంది, అదీ వద్దు. కత్తెరతో కోసింది పర్లేదు, మధ్యలో వయ్యారిభామ ఉంటే ఏరేయండి. అన్నిటికంటే నిశ్చింత, డాబా మీద నాలుగు పాత టబ్బుల్లో మట్టి నింపి గరిక నాటుకోవడం. ఒకదాని తర్వాత ఒకటి కోసుకుంటూ పోవచ్చు.

ఎండబెట్టుకోవాలంటే మంచు ఆరాక కోసి, నీడలో పలచగా పరిచి, రోజుకి రెండుసార్లు తిరగేయండి. మే నెలలో రెండు మూడు రోజులు చాలు. వంచితే టక్కున విరగాలి, రంగు ఇంకా ఆకుపచ్చగా ఉండాలి. గోనెసంచిలో దాచండి, ప్లాస్టిక్ కవర్లో మూతి కడితే లోపల చెమ్మ పట్టి బూజొస్తుంది. ముక్క వాసన వస్తే మొహమాటపడకుండా పారేయండి.

రోజూ దాని ఒళ్లంత కుప్ప వేయాలి. ముందు పచ్చి గరికలో ఎండుది నాలుగు పోచలు కలిపి, రోజురోజుకీ ఎండుది పెంచండి. పైన ఎండిన పుదీనా నలిపి చల్లితే కొన్ని ఎగబడతాయి. ఇంకో కిటుకు, అది పెంటికలు వేసే ట్రే పక్కనే గడ్డి పెట్టడం. కుందేళ్లకి ఆ పని చేస్తూ తినడం అలవాటు, మనకి ఎబ్బెట్టుగా ఉంటుంది గానీ పనిచేస్తుంది.

అపోహ: గడ్డి చాలక తన పెంట తానే తింటోంది.

మెత్తగా, చిన్న ద్రాక్షగుత్తిలా ఉండేది తినడానికే వేస్తుంది, అందులో విటమిన్లు ఉంటాయి. అది తినకుండా వదిలేస్తుంటే పెల్లెట్లు ఎక్కువయ్యాయేమో చూసుకోండి.

అపోహ: దేవుడికి పెట్టిన పత్రి, ఏం చేస్తుంది?

వినాయక చవితి మర్నాడు నాకు ఫోన్లు వస్తాయి. పూజ పత్రి పారేయడం ఇష్టంలేక కుందేలు ముందు పోస్తారు. ఆ 21 రకాల్లో జిల్లేడు ఉంది, గన్నేరు ఉంది, ఉమ్మెత్త ఉంది, మూడూ విషమే. కట్ట విప్పగానే గరిక మాత్రం విడిగా తీసి, పసుపు కుంకుమ పడకముందే పక్కన పెట్టుకోండి.