నాలుగు పుల్ రిక్వెస్టులకో టీషర్టు: ఓపెన్ సోర్స్ గడప మీద గొడవకు మూలం ఎక్కడుంది?

బయటివారు పంపే కోడ్ మార్పులను ఇకపై తీసుకోబోమని, తీసుకున్నా ముందుగా అనుమతి పొందినవారి నుంచి మాత్రమేనని ఓపెన్ సోర్స్ (కోడ్‌ను ఎవరైనా చూసి వాడుకునే వీలున్న) ప్రాజెక్టులు ఒకదాని వెంట ఒకటి ప్రకటిస్తుండటంతో, వచ్చిపడే పనికిరాని మార్పులను వడపోసే భారం ఎవరిదన్న పాత వివాదం మళ్లీ రాజుకుంది. 2026 జనవరిలో వైట్‌బోర్డ్ సాధనం టీఎల్‌డ్రా ప్రాజెక్టు బయటి పుల్ రిక్వెస్టులను (తాము చేసిన కోడ్ మార్పును కలుపుకోమని కోరే అభ్యర్థనలను) వచ్చినవి వచ్చినట్టే మూసివేస్తామని చెప్పింది. కృత్రిమ మేధ రాసిపెట్టిన కోడ్ వెల్లువెత్తడమే ఇందుకు కారణమన్న మాట అంతటా వినిపిస్తోంది. అది అబద్ధం కాదు గానీ, మెయింటైనర్లు, అంటే ప్రాజెక్టులను నిర్వహించేవారు, ఇవాళ చేస్తున్న ఫిర్యాదు దాదాపు ఇదే రూపంలో 2020 అక్టోబరు మొదటి వారంలోనే వినిపించింది. అప్పటికి చాట్‌జీపీటీ లేదు, కోడ్ రాసిపెట్టే కోపైలట్ లేదు.

లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయలాంటి కెర్నెల్‌కు ఈమెయిల్‌లో ప్యాచ్‌లు (కోడ్ మార్పులు) పంపే సంప్రదాయం, అక్కడి కటువైన జవాబులు చాలామందికి తెలిసినవే కాబట్టి ఆ కథలోకి వెళ్లనక్కర్లేదు. ఆ పద్ధతిలో శ్రమ ఎక్కువగా పంపేవారి మీదే ఉండేదన్న ఒక్క సంగతి మాత్రం ఇక్కడ అవసరం. ఒక ప్యాచ్‌లో ఒకే మార్పు ఉండాలి, అది ఎందుకో వివరించాలి, 2004 నుంచి కింద ‘సైన్డ్-ఆఫ్-బై’ అంటూ తన పేరుతో పూచీ పడాలి. కోడ్ ఉంచి పంచుకునే వేదికగా 2008లో మొదలైన గిట్‌హబ్ ఈ శ్రమను కొన్ని క్లిక్కులకు తగ్గించింది, ఆ తర్వాత ప్రొఫైల్ పేజీలో రోజువారీ పనిని పచ్చని గళ్లుగా చూపడం మొదలుపెట్టింది. వరుసగా ఎన్ని రోజులు కోడ్ రాశారో చూపే లెక్కను 2016లో గిట్‌హబ్ తానే తీసేసినా, లెక్కపెట్టుకునే అలవాటు అప్పటికే స్థిరపడిపోయింది.

ఆ అలవాటుకు బహుమతి తోడైనప్పుడు ఏమవుతుందో హ్యాక్టోబర్‌ఫెస్ట్ చూపించింది. క్లౌడ్ సర్వర్లు అద్దెకిచ్చే డిజిటల్‌ఓషన్ సంస్థ 2014 నుంచి ఏటా అక్టోబరులో నడిపే ఈ కార్యక్రమంలో, 2020 నిబంధనల ప్రకారం, ఆ నెలలో నాలుగు పుల్ రిక్వెస్టులు పంపినవారిలో మొదటి 70,000 మందికి టీషర్టు ఇవ్వాలి, లేదా వారి పేరిట మొక్క నాటాలి. మార్పు ప్రాజెక్టులో కలవాల్సిన అవసరం అప్పట్లో లేదు. బహిరంగంగా ఉన్న ఏ రిపాజిటరీకి (ప్రాజెక్టు కోడ్ ఉండే చోటుకు) పంపినా లెక్కలోకి వచ్చేది, ఆ ప్రాజెక్టువారికి ఇలాంటి కార్యక్రమం ఒకటి ఉందని తెలియకపోయినా సరే. పనికిరానిదని తేల్చాలంటే మెయింటైనరే పూనుకుని దానికి ‘స్పామ్’ అనో ‘ఇన్‌వాలిడ్’ అనో లేబుల్ తగిలించాల్సి వచ్చేది. అంటే ఒకరి టీషర్టు కోసం పరిచయం లేని ఇంకొకరు జీతం లేని కాపలా కాయాలన్న మాట.

అక్టోబరు ఇంకా సరిగ్గా మొదలుకాకముందే ఫలితం కనిపించింది. ప్రాజెక్టు పరిచయం ఉండే రీడ్‌మీ ఫైల్లో దాని పేరు పక్కన ‘అద్భుతమైన’ అనే అర్థం వచ్చే మాటలు చేర్చడం, ఖాళీ వరుసలు కలపడం వంటి మార్పులతో పుల్ రిక్వెస్టులు కుప్పలు పడ్డాయి. భారత్‌కు చెందిన ఒక ప్రోగ్రామింగ్ శిక్షకుడు, పుల్ రిక్వెస్టు పంపడం ఎలాగో చూపేందుకు రీడ్‌మీలో చిన్న మార్పు చేసి వీడియోగా పెట్టగా, ఎందరో విద్యార్థులు ఆ నమూనానే ఉన్నదున్నట్టు దించేశారు. వెబ్‌పేజీలు రాసే హెచ్‌టీఎంఎల్ ప్రమాణాన్ని నిర్వహించేవారిలో ఒకరైన డొమెనిక్ డెనికోలా, ఇది ఒక కంపెనీ సొమ్ముతో మెయింటైనర్ల మీద జరుగుతున్న దాడి అని, సర్వర్లను అభ్యర్థనలతో ముంచెత్తి స్తంభింపజేసే దాడులతో పోలుస్తూ రాశారు. మాట ఘాటైనదే అయినా లెక్క తప్పు కాదు. పంపడానికి నిమిషం పట్టే మార్పును తెరిచి, చదివి, లేబుల్ పెట్టి మూసివేయడానికి అంతకు మించిన సమయం పడుతుంది, పైగా ఆ పని వందలమంది పంపినదానికి ఒక్కరే చేయాలి.

అక్టోబరు 3న డిజిటల్‌ఓషన్ దిగివచ్చింది. హ్యాక్టోబర్‌ఫెస్ట్‌లో పాల్గొంటామని స్వయంగా ప్రకటించుకున్న రిపాజిటరీలకు పంపినవే లెక్కలోకి వస్తాయని, వాటిలోనూ మెయింటైనర్లు కలుపుకున్నవి లేదా ఆమోదించినవే చెల్లుతాయని నిబంధన మార్చింది. అసలు మలుపు ఇదే. అంతవరకూ ప్రాజెక్టు మౌనాన్ని అంగీకారంగా లెక్కించినవారు, ఆ రోజు నుంచి దాన్ని నిరాకరణగా లెక్కించాల్సి వచ్చింది. 2023లో టీషర్టులు ఇవ్వడం ఆపేశారు, సూత్రం మాత్రం మిగిలింది.

2021 ఏప్రిల్‌లో అదే సూత్రం, అంటే అడగకుండా మెయింటైనర్ల సమయం వాడుకోరాదన్నది, మరో రూపంలో ముందుకొచ్చింది. కావాలనే లోపాలున్న ప్యాచ్‌లను కెర్నెల్‌కు పంపి, సమీక్షకులు పట్టుకుంటారో లేదో చూసిన మిన్నెసోటా విశ్వవిద్యాలయ పరిశోధకుల తీరుకు ఆగ్రహించిన కెర్నెల్ మెయింటైనర్ గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్, ఆ విశ్వవిద్యాలయం నుంచి వచ్చే మార్పులనే నిషేధించారు. పరిశోధకులు క్షమాపణ చెప్పి తమ పత్రాన్ని వెనక్కి తీసుకున్నారు. 2024 మొదట్లో, వెబ్ సర్వర్లు రాసేందుకు వాడే ఎక్స్‌ప్రెస్ ప్రాజెక్టు రీడ్‌మీలో తమ పేర్లు చేర్చమంటూ, మరో శిక్షణ వీడియో చూసిన విద్యార్థుల నుంచి వచ్చిన పుల్ రిక్వెస్టుల వరుసలోనూ కృత్రిమ మేధ ప్రమేయం కంటే చూచిరాతే ఎక్కువ.

తలుపులు మూస్తే నిజాయితీగా నేర్చుకోవాలనుకునే కొత్తవారు నష్టపోతారన్నది రెండో పక్షం వాదన. క్యాంపస్ నియామకాలకు గిట్‌హబ్ ప్రొఫైల్ ఉండాలని హైదరాబాద్, విజయవాడ ఇంజినీరింగ్ కళాశాలల్లో సీనియర్లు జూనియర్లకు చెబుతూనే ఉన్నారు కాబట్టి, ఈ వాదన మనకు దూరమైనదేమీ కాదు. అక్షరదోషం దిద్దడంతో మొదలుపెట్టి మెయింటైనర్లయినవారూ ఉన్నారు. అయితే కొత్తవారి కోసమే ‘గుడ్ ఫస్ట్ ఇష్యూ’ (నమోదైన సమస్యల్లో, అంటే ఇష్యూల్లో, తొలి ప్రయత్నానికి అనువైనది) లేబుళ్లు, మార్పులు ఎలా పంపాలో చెప్పే కాంట్రిబ్యూటింగ్ ఫైళ్లు చాలా ప్రాజెక్టుల్లో ఉన్నాయి. గొడవల్లో చిక్కుకున్న పుల్ రిక్వెస్టులను చూస్తే, వాటిని పంపినవారు ఆ ఫైల్ తెరిచిన జాడ అరుదు.

లినక్స్ రూపాల్లో ఒకటైన జెంటూ 2024 ఏప్రిల్‌లో కృత్రిమ మేధ కోడ్‌ను పూర్తిగా నిషేధించింది. టెర్మినల్ ప్రోగ్రాం ఘోస్టీ మాత్రం అంత దూరం పోలేదు. 2025 ఆగస్టులో కృత్రిమ మేధ సాయం తీసుకున్నట్టు చెప్పి తీరాలని అడిగి, 2026 జనవరిలో అలాంటి మార్పులు ముందే ఆమోదం పొందిన ఇష్యూలకే పరిమితం కావాలంది. టీఎల్‌డ్రా కూడా ఇష్యూలను, చర్చలను తెరిచే ఉంచి, గిట్‌హబ్ మెరుగైన సాధనాలు ఇచ్చేదాకా ఇది తాత్కాలిక ఏర్పాటని చెప్పింది. 2026 ఫిబ్రవరిలో గిట్‌హబ్ పుల్ రిక్వెస్టులను ఆపివేసుకునే, లేదా సహకర్తలకే పరిమితం చేసుకునే వీలు కల్పించింది. ఇష్యూల విభాగాన్ని ఆపుకునే సదుపాయం ఏళ్లుగా ఉన్నా, పుల్ రిక్వెస్టులకు అది దక్కడం ఇదే మొదటిసారి.