గజాల డాబా, మిల్లీమీటర్ల వాన

విజయనగరంలో ఇంటి స్థలాన్ని గజాల్లో కొంటాం, డాబాను చదరపు అడుగుల్లో కట్టిస్తాం, ఊరి వెలుపలి తోటను సెంట్లలో చెప్పుకుంటాం. వాన మాత్రం మిల్లీమీటర్లలో పడుతుంది. హరిత భవన ధ్రువీకరణకు వాననీటి లెక్క రాసేటప్పుడు ఈ కొలతలన్నీ ఒకే కాగితం మీదికి వచ్చి చేరతాయి.

వీటన్నిటినీ కలిపే సూత్రం చాలా సులువైనది. చదరపు మీటరు మేర ఒక మిల్లీమీటరు వాన పడితే అది ఒక లీటరు నీరు. నిటారు అంచుల గిన్నె ఒకటి డాబా మీద ఉంచి, వాన వెలిశాక అందులో స్కేలు నిలబెడితే, గిన్నె చిన్నదైనా పెద్దదైనా తడి గీత ఒకే అంకె దగ్గర కనబడుతుంది. ఆ లోతును డాబా వైశాల్యంతో గుణిస్తే చాలు.

పొరపాటు జరిగేది వైశాల్యం దగ్గరే. నేను చూసిన ఒక లెక్కలో 1,350 చదరపు అడుగుల డాబాను, మీటరుకు 3.28 అడుగులు కదా అని, 3.28తోనే భాగించారు. చదరపు మీటరుకు 3.28 × 3.28, అంటే 10.76 చదరపు అడుగులు కాబట్టి, భాగించవలసింది 10.76తో. ఆ డాబా 150 గజాలు, అంటే సుమారు 125 చదరపు మీటర్లు. 25 మిల్లీమీటర్ల వానకు దాని మీద పడేది దాదాపు 3,135 లీటర్లు. ఆ కాగితం మీద మాత్రం పదివేల లీటర్లు దాటింది. అంత నీరు పట్టే ఇంకుడు గుంత తవ్వించడం ఇంటివారికి ఎంత భారమో ఆలోచించండి.

పడిన నీరంతా పారదు. కాంక్రీటు డాబాకు 0.9 గుణకం, అంటే పడిన దానిలో పదింట తొమ్మిది వంతులు పారతాయని లెక్క వేస్తే, 2,820 లీటర్లు గొట్టంలోకి దిగుతాయి. పచ్చిక నేల మీద అందులో చిన్న భాగమే పారుతుంది. హరిత భవనాలకిచ్చే లీడ్ (LEED) ధ్రువీకరణ నాలుగో కూర్పు, వాన కురిసిన రోజుల్లో నూటికి 95 రోజులు ఏ లోతును మించవో ఆ లోతు నీటిని స్థలంలోనే నిలపమంటుంది. 2018 అక్టోబరులో శ్రీకాకుళం తీరాన్ని దాటిన తిత్లీ వంటి తుపాను వాననంతటినీ ఇంటి గుంత మింగాలని కాదు.

గుంతకు లోతు లెక్క సరిపోతుంది, గొట్టానికి మాత్రం వాన వేగం కావాలి. గంటకు 60 మిల్లీమీటర్ల జోరుతో కురిస్తే ఇదే డాబా నుంచి సెకనుకు దాదాపు 1.9 లీటర్లు దిగాలి. గొట్టం సన్నదైతే, కింద ఇంకుడు గుంత ఖాళీగా ఉండగానే, నీరు పిట్టగోడల మధ్య నిలిచిపోతుంది.