వేలెడంత రాక్షసికి వెలుగు కూడా మనమే వేయాలి

విశాఖపట్నం

చిరంజీవులైన పిల్లలకు,

తాతయ్య ఆశీస్సులు. మీరు కొత్తగా కొన్న బోర్డు గేము పెట్టెలో వచ్చిన గ్రహాంతర రాక్షసులకు రంగులు ఎలా వేయాలో వివరంగా రాయమని అడిగారు. మీరు పంపిన ఫోటోలు చూశాను. పొలుసులు, కోరలు, వెన్ను మీది ముళ్ళు, మోకాళ్ళ దగ్గరి చర్మపు ముడతలతో సహా అన్నీ చాలా సూక్ష్మంగా చెక్కారు. అంత పనితనమూ బూడిదరంగు ప్లాస్టిక్కులో కలిసిపోయి, బల్ల మీద పెట్టగానే ఏది పిల్ల రాక్షసో ఏది తల్లి రాక్షసో తెలియడం లేదన్న మీ ఫిర్యాదు సబబైనదే. నేను ఉద్యోగ జీవితమంతా షిప్‌యార్డులో ఓడలకు రంగులు వేయించే విభాగంలో గడిపాను. ఇంత చిన్న వస్తువు మీద రంగు వేయడం మాత్రం పదవీ విరమణ తరువాతే అలవడింది. ఓడకూ బొమ్మకూ ఒకేలా వర్తించే సంగతులు కొన్ని ఉన్నాయి కనుక ముందు వాటిని ముగిస్తాను. ఓడకు ఎన్నడూ అక్కరలేనిది, బొమ్మకు మాత్రం తప్పనిసరి అయినది ఒకటుంది. ఈ ఉత్తరంలో ఎక్కువ భాగం దాని గురించే.

రంగు నిలబడేదీ ఊడిపోయేదీ రంగు డబ్బా తెరవక ముందే నిర్ణయమైపోతుంది. అచ్చులో పోసిన బొమ్మ సులువుగా ఊడి రావడానికి అచ్చు లోపల జిడ్డు పదార్థం పూసే పద్ధతి ఉంది, అది కొంత బొమ్మకు అంటుకుని వస్తుంది. గోరువెచ్చని నీళ్ళలో నాలుగు చుక్కల గిన్నెల సబ్బు కలిపి, పాత టూత్‌బ్రష్‌తో మెల్లగా రుద్ది కడిగి, పూర్తిగా ఆరనివ్వండి. ఆ తరువాత బొమ్మను కిటికీ వెలుగులో నెమ్మదిగా తిప్పి చూస్తే, అచ్చు రెండు సగాలు కలిసిన చోట భుజం మీదుగా, తోక పొడవునా సన్నని గట్టు ఒకటి కనిపిస్తుంది. దానిని బ్లేడు పదును వైపుతో కోయకూడదు, వీపు వైపుతో గీకాలి. మీలో చిన్నవాళ్ళు ఈ పని నాన్నకో అమ్మకో అప్పగించండి. కొండీలు, కాళ్ళు వంగిపోయి వచ్చిన మెత్తని ప్లాస్టిక్కు బొమ్మలను బాగా వేడిగా ఉన్న నీళ్ళలో కాసేపు ముంచి, సరిచేసి, వెంటనే చన్నీళ్ళలో పెడితే అవి ఆ ఆకారంలోనే గట్టిపడతాయి. వేడినీళ్ళ పని కూడా పెద్దలదే.

ఇప్పుడు ప్రైమర్, అంటే అసలు రంగు గట్టిగా పట్టుకోవడానికి ముందుగా వేసే అడుగు పూత. విశాఖలో ఉన్నవాళ్ళు దీని దగ్గర మిగతా ఊళ్ళవాళ్ళకన్నా జాగ్రత్తగా ఉండాలి. గాలిలోని ఆవిరి చెమ్మగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రతను డ్యూ పాయింట్ అంటారు. ఉక్కు రేకు ఉష్ణోగ్రత దానికంటే కనీసం 3 డిగ్రీల సెల్సియస్ ఎక్కువగా ఉంటేనే రంగు వేయాలనీ, గాలిలో తేమ 85 శాతం దాటితే పని ఆపాలనీ ఓడలకు రంగు వేసేచోట సాధారణంగా పాటించే నియమం. ఎందుకంటే చెమ్మ పొర మీద వేసిన రంగు చెమ్మనే పట్టుకుంటుంది తప్ప ఉక్కును పట్టుకోదు. మీ బొమ్మ విషయంలోనూ జరిగేది అదే. ఏసీ గదిలో రాత్రంతా ఉన్న బొమ్మను తెల్లవారగానే డాబా మీదికి తీసుకువెళ్తే, గదిలోంచి బయటికి రాగానే నా కళ్ళజోడు మసకబారినట్టే దాని మీద కూడా కంటికి కనిపించని తడి పడుతుంది. అందుచేత బొమ్మను ముందుగా బయట నీడలో ఒక గంట ఉంచి, బాగా ఎండెక్కిన తరువాత, వాన సూచన లేని పూట ప్రైమర్ వేయాలి. బీచ్ రోడ్డు దగ్గర ఇళ్ళున్నవాళ్ళకు ఉప్పు గాలి బెడద అదనం. బాల్కనీలో కొన్నాళ్ళు ఉంచేసిన బొమ్మను మరోసారి మంచినీళ్ళతో కడగాల్సిందే, ఎందుకంటే ఉప్పు తేమను లాక్కుంటుంది. స్ప్రే డబ్బా పెద్దవాళ్ళ చేతిలోనే ఉండాలి, ముక్కుకు మాస్కు ఉండాలి, చోటు ఆరుబయటే అయి ఉండాలి. మెత్తని ప్లాస్టిక్కు మీద కొన్ని స్ప్రే ప్రైమర్లు ఎన్నాళ్ళయినా ఆరక జిగటగా మిగిలిపోతాయి కనుక, ముందు బొమ్మ అడుగు భాగంలో కొద్దిగా వేసి చూడండి. ఇంత హంగామా వద్దనుకుంటే కుంచెతో పూసే ప్రైమర్ దొరుకుతుంది. పిల్లలకు నేనైతే అదే చెబుతాను.

ఓడకు అక్కరలేనిదని అన్నానే, అది ఇక్కడ మొదలవుతుంది. ఓడ తన నీడలను తానే చూసుకుంటుంది. ఎండలో నిలబడితే దాని పక్కల వంపు, ముందుభాగం వాలు అన్నీ సూర్యుడే చూపిస్తాడు. బొమ్మకు ఆ అదృష్టం లేదు. మనిషిని 28 మిల్లీమీటర్ల ఎత్తుగా లెక్కగట్టి చేసిన బొమ్మలు మీవి. అటువంటి బొమ్మను బల్లకు అవతలి నుంచి, అంటే ఒక మీటరు దూరం నుంచి చూడడం, ఆరడుగుల మనిషిని 60 మీటర్ల పైచిలుకు దూరం నుంచి చూడడంతో సమానం. అంత దూరం నుంచి ఎవరి చొక్కా ముడతలు మనకు కనిపిస్తాయి? దానికి తోడు మన ఇళ్ళలో ట్యూబులైటు వెలుగు అన్ని వైపులా సమానంగా పరుచుకుని నీడలను చెరిపివేస్తుంది. కాబట్టి వెలుగు పడవలసిన చోట లేత రంగూ, నీడ ఉండవలసిన చోట ముదురు రంగూ మనమే వేయాలి, అదీ నిజంగా కనిపించేదానికంటే కొంచెం ఎక్కువ చేసి వేయాలి. బొమ్మ రంగుల విద్య అంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

దీనికి అన్నిటికన్నా తేలికైన దారి ప్రైమర్‌తోనే ఉంది. బొమ్మంతా నల్ల ప్రైమర్ వేసి, అది ఆరాక తెల్ల ప్రైమర్‌ను పైవైపు నుంచి మాత్రమే, నడినెత్తిన సూర్యుడు ఉన్నాడనుకుని, పలచగా కొట్టాలి. వీపు, నుదురు, భుజాలు తెల్లబడతాయి. కడుపు కింద, చంకల్లో, దవడ కింద నలుపు మిగులుతుంది. స్ప్రే వద్దనుకున్నవాళ్ళు నల్లగా పూసిన బొమ్మ మీద తెల్ల రంగును దాదాపు పొడిగా ఉన్న కుంచెతో పై నుంచి కిందికి మాత్రమే రాస్తే ఇంచుమించు అదే ఫలితం వస్తుంది. దీని మీద పారదర్శకమైన పలచని రంగు ఏది వేసినా, తెల్లటి చోట లేతగా, నల్లటి చోట ముదురుగా తానే మారుతుంది.

ఇక మన ఊరి సంగతి ఒకటి చెప్పాలి. రాక్షసులకు ఏ రంగులు వేయాలో తోచడం లేదన్నారు కదా, ఒక ఆదివారం ఉదయం నాన్నతో కలిసి ఫిషింగ్ హార్బరుకు వెళ్ళి చేపల గంపలు చూడండి. వేరే గ్రహం ఊహించుకోవలసిన అవసరమే ఉండదు. పాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు ఈ తీరంలో దొరికిన 200 చేపల బొమ్మలను, వర్ణనలను 1803లో లండన్‌లో అచ్చు వేయించాడంటే మన సముద్రంలో ఎంత వైవిధ్యం ఉందో ఊహించండి. గంపలో నుంచి ఒక కానాగడతను ఎత్తి పట్టుకుని చూడండి. వీపు నీలం కలిసిన ముదురు ఆకుపచ్చ, దాని మీద నల్లని చారలు, పక్కల వెంబడి పసిడి ఛాయ, కడుపు వెండి తెలుపు. ముదురు రంగు పైన, లేత రంగు కింద ఉన్నాయి. మనం ఇంతకుముందు చెప్పుకున్నదానికి ఇది సరిగ్గా తలకిందులు!

దీనికి కారణాన్ని 1896లో అబ్బట్ థేయర్ అనే అమెరికన్ చిత్రకారుడు వివరించాడు. ఆకాశం నుంచి వచ్చే వెలుగు వీపును తెల్లబరుస్తుంది, కడుపును నీడలో ఉంచుతుంది. ఆ తేడా వల్లనే ఏ ప్రాణి అయినా గుండ్రంగా, బరువుగా కంటికి ఆనుతుంది. చేప వీపు ముదురుగా, కడుపు లేతగా ఉండడం వల్ల ఆ తేడా రద్దయిపోయి, చేప చదునుగా, నీళ్ళలో కలిసిపోయినట్టుగా అవుతుంది. చేపకు కావలసింది దాక్కోవడం. మీ రాక్షసికి కావలసింది కనిపించడం. కనుక కానాగడత రంగులను అలాగే తెచ్చి బొమ్మకు పూస్తే బొమ్మ కూడా దాక్కుంటుంది. ఎంత కష్టపడినా చదునుగా ఉందేమిటా అని మీరు తల పట్టుకుంటారు. అలాగని ఆ రంగులు వదులుకోనక్కరలేదు. వస్తువు సొంత రంగు వేరు, దాని మీద పడే వెలుగు వేరు అని గుర్తుంచుకుంటే చాలు. వీపుకు ముదురు ఆకుపచ్చ వేయండి, కానీ ప్రతి పొలుసు పై అంచునా అదే ఆకుపచ్చలో కొంచెం పసుపు కలిపి లేత గీత పెట్టండి. కడుపుకు మీగడ రంగు వేయండి, కానీ దాని అట్టడుగున పలచని ఊదా నీడ పరచండి. అప్పుడు సముద్రపు రంగులూ ఉంటాయి, రాక్షసి బరువూ ఉంటుంది.

ఇక్కడే ఇంకో మాట. రంగును లేతపరచడానికి ఒట్టి తెలుపు కలిపితే సున్నం కొట్టినట్టు వెలిసిపోతుంది. పసుపో ఎముక రంగో కలపండి. ముదురు చేయడానికి నలుపు కలిపితే మురికిగా తయారవుతుంది. నీలమో ఊదాయో కలపండి. నాకు నలుపు మీద చిన్నచూపు ఉందని మీ అమ్మమ్మ అంటుంది, నిజమే కావచ్చు.

రంగుల విషయానికి వస్తే మీకు కావలసినవి నీళ్ళతో కలిపే అక్రిలిక్ రంగులు. వీటిలో ప్లాస్టిక్కు వంటి పదార్థపు అతిసూక్ష్మ కణాలు నీటిలో తేలుతుంటాయి. నీరు ఆవిరైపోగానే ఆ కణాలు ఒకదానితో ఒకటి అతుక్కుని పొరగా మారతాయి, ఆ తరువాత నీళ్ళు పోసినా కరగవు. కుంచెను వెంటనే కడగమని పోరు పెట్టేది అందుకే. సీసాలోని రంగును ఉన్నది ఉన్నట్టు పూస్తే పొలుసుల మధ్య సందులు పూడిపోతాయి. పింగాణీ పళ్ళెంలో ఒక చుక్క రంగుకు దాదాపు ఒక చుక్క నీరు కలిపి, కుంచెతో పళ్ళెం అంచు దాకా ఒక గీత లాగి చూడండి. గీత తెగకుండా ఉండి, దాని కింద పింగాణీ తెలుపు లీలగా అగుపిస్తే రంగు పాకానికి వచ్చినట్టే. మొదటి పూత అతుకులు అతుకులుగా ఉంటుంది, కంగారు పడకండి. అది ఆరాక రెండో పూత వేస్తే నిండుతుంది. ఫ్యాను కింద కూర్చుంటే పళ్ళెంలో రంగు నిమిషాల్లో ఎండిపోతుంది, ఫ్యాను ఆపితే మన ఊళ్ళో కూర్చోలేరు. దీనికి ఉపాయం ఏమిటంటే, మూత ఉన్న చదునైన డబ్బాలో తడి స్పాంజి పరచి, దాని మీద మైనం పూత లేని బేకింగ్ పేపరు వేసి, రంగులు ఆ కాగితం మీద కలుపుకోవడం. నీరు రోజూ మార్చకపోతే మన ఉక్కకు బూజు పడుతుంది.

బొమ్మను చేత్తో పట్టుకుని వేయవద్దు, మందు సీసా మూత మీద రెండువైపులా అంటుకునే టేపుతో అతికించి ఆ సీసాను పట్టుకోండి. సొంత రంగులు పూర్తయ్యాక వాష్ అనే పలచని ముదురు రంగును ముడతల మీద వదిలితే అది తనంతట తానే సందుల్లోకి దిగుతుంది. గట్టుల మీద నిలిచిపోయిన మడుగులను తడి కుంచెతో అద్ది తీసేయాలి. అది ఆరాక డ్రై బ్రష్. ఒక పాత కుంచెకు లేత రంగు అంటించి, గుడ్డ మీద దాదాపు ఏమీ మిగలనంతగా తుడిచి, ముళ్ళ మీద, పొలుసుల మీద అడ్డంగా ఆడిస్తే ఎత్తైన అంచులు మాత్రమే రంగును పట్టుకుంటాయి. ఈ రెండు పనులూ చేస్తే పొలుసులున్న రాక్షసి సగానికి పైగా పూర్తయినట్టే. కుంచె మొన కోసం దానిని నోట్లో పెట్టుకునే అలవాటు మాత్రం ఎవరికీ రానివ్వకండి.

ఆటలో గుర్తుపట్టడం గురించి కూడా ఆలోచించాలి. నీలి పీతల్లో మగది నీలంగా, తెల్లని మచ్చలతో మెరిసిపోతుంటే, ఆడది గోధుమ కలిసిన ఆకుపచ్చతో సాదాగా ఉంటుంది. జాతి ఒకటే, రంగును బట్టి ఏది ఏదో తెలిసిపోతుంది. అలాగే మీ రాక్షసులన్నిటికీ ఒకే కడుపు రంగు ఉంచి, వీపు రంగును మాత్రం పిల్లలకు ఒకటి, కావలి వాటికి ఒకటి, రాణికి ఒకటి చొప్పున మార్చండి. ఒకే అచ్చు బొమ్మలు నాలుగైదు ఉంటే పీఠం అంచుకు వేరు వేరు రంగుల పట్టీ వేయండి, లేకపోతే ఎవరికి దెబ్బ తగిలిందో అన్న తగవు తీరదు.

కళ్ళకు ముందు నలుపు, దాని మీద నలుపు అంచు మిగిలేలా నారింజ, ఆపైన ఒక మూలన తెల్లని చుక్క. అది ఆరాక మెరుపు వార్నిష్ ఒక బొట్టు. నోట్లో కారే చొంగకూ అదే మెరుపు పెట్టవచ్చు. మిగతా ఒంటికి మాత్రం మెరుపు లేని మ్యాట్ వార్నిష్ వేయాలి. ఏటికొప్పాక బొమ్మలు అంత నిగనిగలాడుతుంటే ఇవెందుకు మెరవకూడదని మీరు అడగవచ్చు. ఏటికొప్పాక బొమ్మ అంకుడు కర్రను తిప్పుతూ లక్క అద్ది చేసినది. నున్నని గుండ్రని ఒంటి మీద వెలుగు జారడమే దాని అందం. మన రాక్షసి ఒళ్ళంతా ముళ్ళూ ముడతలూ కాబట్టి, మెరిసే పూత వేస్తే ట్యూబులైటు ప్రతి ముడతలోనూ మెరిసి, మీరు కష్టపడి వేసిన వెలుగునీడలను పాడుచేస్తుంది. వార్నిష్ మానేయడం కూడా కుదరదు. బొమ్మలను చేతులతో కదిపే ఆట ఇది, మన చేతుల చెమటకు రంగు నెలల్లోనే అంచుల దగ్గర అరిగిపోతుంది. స్ప్రే వార్నిష్ తేమ గాలిలో తెల్లగా పొగచూరే ప్రమాదం ఉంది కనుక కుంచెతో పూసే రకమే కొనండి. పూశాక మరునాటి దాకా ఆటకు తీయకండి, ముఖ్యంగా స్పాంజి అరల పెట్టెలో సర్దకండి. సరిగా ఆరని వార్నిష్ స్పాంజికి అతుక్కుంటుంది.

రాణి రాక్షసితోనే మొదలుపెడతామని పెద్దవాడు పట్టుబడుతున్నాడని మీ అమ్మ ఫోనులో చెప్పింది. వద్దు. ముందు పిల్ల రాక్షసులను మూడు మూడుగా పట్టండి, మూడింటికీ ఒకే రంగు వేసి అవి ఆరేలోపు మరో మూడింటికి వెళ్ళండి. రాణి రెక్కలు విడిగా వచ్చాయి కదా, వాటిని ఇప్పుడే అతికించకుండా పక్కన పెట్టండి. అతికించాక రెక్కల వెనక వీపు మీదికి కుంచె వెళ్ళదు.

ఇట్లు,
మీ తాతయ్య