తెల్ల వెంట్రుకలు శాశ్వతంగా పోతాయా? అపోహలు - వాస్తవాలు

పోయిన వేసవిలో యాభై దాటిన ఒకావిడ మా ఓపీకి వచ్చారు. ఎక్కడో ఆరు సిట్టింగుల లేజర్ ప్యాకేజీ కట్టారట. "నల్లవన్నీ పోయాయి డాక్టరమ్మా, గడ్డం మీద ఈ తెల్లవి ఒక్కటీ పోలేదు" అన్నారు. లైటు కింద చూస్తే నిజమే. పదీ పన్నెండు ఉన్నాయి, సన్న తీగల్లా బిరుసుగా.

అపోహ: లేజర్‌తో తెల్ల వెంట్రుకలు కూడా పోతాయి.

వాస్తవం: పోవు. లేజర్ కాంతిని పీల్చుకునేది వెంట్రుకలోని రంగు, అంటే మెలనిన్. అది వేడెక్కితేనే కుదురు దెబ్బతింటుంది. తెల్ల వెంట్రుకలో ఆ రంగే లేదు, ఇక వేడెక్కేదేముంది? ఆరు కాదు, అరవై సిట్టింగులు చేయించినా అంతే. ఈ మాట డబ్బు కట్టించుకోకముందే చెప్పాలి. నల్లవాటికి కూడా అమెరికాలో మందులను, వైద్య పరికరాలను నియంత్రించే సంస్థ ఎఫ్‌డీఏ ఒప్పుకున్నది "శాశ్వతంగా తగ్గించడం" అన్న మాటనే, "తొలగించడం" అని కాదు.

అపోహ: అయితే తెల్లవాటికి దారే లేదు.

వాస్తవం: ఉంది, ఎలక్ట్రాలసిస్. సన్నటి సూదిని కుదురులోకి దించి, కరెంటు పంపి దాన్ని నాశనం చేస్తాం. రంగుతో పనిలేదు. 1875లో చార్లెస్ మిషెల్ అనే అమెరికా కంటి డాక్టరు, కంట్లో గుచ్చుకునే రెప్ప వెంట్రుకలకు ఈ పద్ధతి వాడారు. కావలసిందల్లా ఓపిక. ఒక్కో వెంట్రుకకూ విడిగా సూది పెట్టాలి, చురుక్కుమంటుంది, ఒకే కుదురుకు చాలాసార్లు చేయాల్సి రావచ్చు. పేస్‌మేకర్ ఉంటే ముందే చెప్పండి. గడ్డం మీద పదో పాతికో అయితే సరే. తల మీదవి ఇలా తీయించుకుంటానని అడిగేవాళ్లూ ఉన్నారు! అక్కడ శాశ్వతంగా తీసేస్తే మిగిలేది బట్టతలే.

అపోహ: ఒకటి పీకితే పది మొలుస్తాయి.

వాస్తవం: మొలవవు. అక్కడ మళ్లీ అదే తెల్లది వస్తుంది. పక్క కుదుళ్లకు దాంతో సంబంధం లేదు.

అపోహ: పర్మనెంట్ డై అంటే శాశ్వతం, నల్ల గోరింటాకు అంటే సహజం.

వాస్తవం: డై బయటికొచ్చిన వెంట్రుకకే పడుతుంది. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది కాబట్టి పాపిటలో తెల్లగీత తప్పదు. ఇక గోరింటాకు పండేది ఎర్రగా. నల్లగా చేసే ప్యాకెట్లలో చాలావాటికి పీపీడీ అనే రసాయనం కలుపుతారు. అది పడక ముఖం వాచి, కళ్లు మూసుకుపోయి వచ్చినవాళ్లను చూశాను. వాడేముందు చెవి వెనక కాస్త రాసి, పడుతుందో లేదో 48 గంటలు ఆగి చూడండి.

పాతికేళ్లలోపే నెరుస్తుంటే మాత్రం బీ12, థైరాయిడ్ పరీక్షలు చేయించండి. లోపం దొరికి సరిచేస్తే కొందరిలో కొంత నలుపు తిరిగి వస్తుంది.

ఆవిడకు ఎలక్ట్రాలసిస్ మొదలుపెట్టాం. ఇప్పటికి రెండు మిగిలాయి, మొండివి.