సర్వీస్ చార్జీ సర్కారు పన్ను కాదు: హోటల్ కౌంటర్ నుంచి కొన్ని అపోహలు, వాస్తవాలు

హన్మకొండలో హోటల్ నడిపిస్తున్న నాకు తరచూ ఎదురయ్యే ప్రశ్న ఇది. హైదరాబాద్‌లో ఏదో పెద్ద రెస్టారెంట్‌లో తిన్న బిల్లు ఫోన్‌లో చూపించి, "అన్నా, ఈ సర్వీస్ చార్జీ గవర్నమెంటుకే పోతదా?" అని అడుగుతరు. చదువుకున్నవాళ్లు కూడా అడుగుతరు. అందుకే ముందుగా దీని సంగతే చెప్తా.

అపోహ: బిల్లులో పడ్డదంటే కట్టాల్సిందే.

కాదు. సర్వీస్ చార్జీ ప్రభుత్వం వేసేది కాదు, యాజమాన్యం వేసుకునేది, యాజమాన్యానికే పోయేది. 2017 జులై 1న జీఎస్టీ రాకముందు సర్వీస్ ట్యాక్స్ అని నిజంగానే ఒక పన్ను ఉండేది. చాలామంది ఇప్పటికీ రెండూ ఒకటే అనుకుంటున్నారు. వినియోగదారుల రక్షణ సంస్థ సీసీపీఏ 2022 జులై 4న మార్గదర్శకాలు ఇచ్చింది. సర్వీస్ చార్జీని అడగకుండా బిల్లులో కలపొద్దు, ఇంకో పేరు పెట్టి వసూలు చేయొద్దు, కట్టనన్నోళ్లను లోపలికి రానివ్వకుండా ఆపొద్దు, దాన్ని తిండి బిల్లులో కలిపి మొత్తం మీద జీఎస్టీ వేయొద్దు. హోటళ్ల సంఘాలు కోర్టుకు పోతే అదే నెలలో స్టే వచ్చింది. 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు ఆ పిటిషన్లు కొట్టేసి, మార్గదర్శకాలు సరైనవేనని తీర్పు చెప్పింది. పిటిషన్ వేసిన రెండు సంఘాలకూ చెరో లక్ష రూపాయల ఖర్చులు వేసింది.

మా దగ్గరికి వచ్చే పెద్దాయన ఒకరున్నరు, భూపాలపల్లిలో సింగరేణి రిటైర్డ్. మనవరాలి కౌన్సెలింగ్‌కని హైదరాబాద్ పోయి, ఇంటిల్లిపాదీ ఒక రెస్టారెంట్‌లో తిన్నరట. ఆ బిల్లు మడత పెట్టి జేబులో పెట్టుకొచ్చి నా ముందు పరిచిండు. తిండి 3,400. పది శాతం సర్వీస్ చార్జీ 340. రెండూ కలిపిన 3,740 మీద ఐదు శాతం జీఎస్టీ 187. మొత్తం 3,927. ఆ ఒక్క లైను లేకుంటే 3,570తో అయిపోయేది. 357 రూపాయలు ఊరికే పోయినయ్. "అడిగిన సార్, కంప్యూటర్‌లనే అట్ల వస్తదన్నడు. పక్క టేబులోళ్లు చూస్తున్నరు, ఏం గొడవ పడుత అని కట్టిన" అన్నడు. ఆయన ముఖం చూస్తే బాధేసింది. పిల్లల ముందు పరువు పోతదని భయపడే ఇలాంటి వాళ్ల దగ్గరే ఈ లైను సాఫీగా నడుస్తది.

కంప్యూటర్‌లో అట్లనే వస్తదన్నది ఒట్టి మాట. మేనేజర్ లాగిన్‌తో ఆ లైను తీసి బిల్లు మళ్లీ కొట్టడం నిమిషం పని. గొంతు పెంచనక్కర్లేదు. కెప్టెన్‌తో (ఆర్డర్ తీసుకునే సర్వీస్ పెద్ద) కాకుండా మేనేజర్‌ను పిలిచి, "సర్వీస్ చార్జీ తీసేసి బిల్లు ఇవ్వండి" అంటే చాలు. కాదంటే కట్టేసి, బిల్లు భద్రంగా పెట్టుకుని 1915కు ఫోన్ చేయండి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులోనే మాట్లాడొచ్చు. అప్పటికీ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 చట్టం ప్రకారం మీరు తిన్నచోటే కేసు వేయాలని లేదు, మీరు ఉంటున్న జిల్లాలోనే వేయొచ్చు. రెండేళ్ల గడువు ఉంటది. ఐదు లక్షల లోపు అయితే ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు.

అపోహ: సర్వీసు బాగలేకుంటే టిప్ కోసేస్తే బుద్ధి వస్తది.

ఎవరికి? ఆదివారం రాత్రి బిర్యానీ ముప్పావుగంట లేటయిందంటే, చాలాసార్లు కేవోటీ, అంటే మీ ఆర్డర్ రాసి వంటింటికి పంపే చీటీ, కిచెన్‌లో ఇరుక్కుని ఉంటది. సర్వీస్ పిల్లగాడు కిటికీ దగ్గర నిలబడి అరిచి అరిచి వచ్చి మీ తిట్లు తింటడు. టిప్ కోస్తే ఆ పిల్లగానికే నష్టం, కిచెన్ సంగతి ఓనర్‌కు తెలియనే తెలియదు. ప్లేటు టేబుల్ మీద ఉన్నప్పుడే మేనేజర్‌ను పిలవండి. రెండు ముద్దలకే చెప్తే మారుస్తం, బిల్లులోంచి తీసేస్తం. మొత్తం తిన్నాక చెప్తే ఎవరైనా ఏం చూసి నమ్మాలె? పిల్లగాడే మర్యాద తప్పి మాట్లాడితే మాత్రం టిప్ ఇవ్వకండి. అది మీ ఇష్టం, మీ హక్కు. తిండిలో పురుగో ఇంకోటో వస్తే ప్లేటుతో ఫొటో తీయండి, బిల్లు మీద ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ) ఇచ్చిన 14 అంకెల నంబరు ఉంటది, దాంతో ఫిర్యాదు చేయండి. "పావుగంట దాటితే చట్ట ప్రకారం బిల్లు కట్టనక్కర్లేదు" అని వాట్సాప్‌లో తిరిగే ముచ్చట అబద్ధం. దయచేసి దాన్ని నమ్మి కౌంటర్ దగ్గర కొట్లాటకు దిగకండి.

మిగతావి గబగబా చెప్తా. కూర్చుని తినే హోటల్‌లో నీళ్ల బాటిల్‌కు ఎమ్మార్పీ కంటే ఎక్కువ తీసుకోవడం నేరం కాదు, 2017 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. వద్దనుకుంటే మామూలు నీళ్లు అడగండి. కాంపోజిషన్ స్కీమ్‌లో (అమ్మకాల మీద కొంత శాతం పన్ను ఓనరే కట్టే జీఎస్టీ పద్ధతి) ఉన్న చిన్న హోటల్ మీ దగ్గర జీఎస్టీ వసూలు చేయకూడదు, ఆ సంగతి బిల్లు మీదే రాసి ఉండాలె.

అమెరికాలో పిల్లల దగ్గరికి పోయే తల్లిదండ్రులు ఇక్కడి లెక్క అక్కడ పెట్టొద్దు. అక్కడ టిప్ తీసుకునే పనివాళ్లకు ఓనర్ ఇవ్వాల్సిన కనీస కూలి ఫెడరల్ చట్టంలో గంటకు 2.13 డాలర్లే, 1991 నుంచి మారలేదు. కొన్ని రాష్ట్రాల్లో ఎక్కువుంటది. అందుకే 15 నుంచి 20 శాతం టిప్ అక్కడ మామూలు. పెద్ద గుంపుగా పోతే చాలాచోట్ల బిల్లులోనే వేసేస్తరు. బిల్లు చూడకుండా దాని మీద ఇంకోసారి టిప్ ఇచ్చి వచ్చినోళ్లు మనూళ్లో ఉన్నరు.

ఇక్కడ మాత్రం శాతం లెక్కలేం లేవు. ఇవ్వాలనిపిస్తే నగదుగా ఆ పిల్లగాని చేతికే ఇవ్వండి. కౌంటర్ క్యూఆర్‌కు బిల్లుతో కలిపి కొడితే ఆ డబ్బు ఓనర్ ఖాతాలో పడతది, పిల్లగానికి చేరాలంటే ఓనర్ గుర్తుపెట్టుకుని తీసివ్వాలె.